బూన్ లేలో నేర్చుకున్న బ్రేమర్‌హాఫెన్

నేను జర్మనీలో ఉద్యోగం వదిలి సింగపూర్ వచ్చి ఆరేళ్లయింది. అక్కడి ఊళ్ల పేర్లతో మళ్లీ పనిపడుతుందనుకోలేదు. మొన్న శనివారం మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసే సింహాచలం ఆదివారం సాయంత్రం విమానంలో జర్మనీ వెళ్తున్నాడు. ఓడలో వంటవాడైన అతని తమ్ముడు బ్రేమర్‌హాఫెన్ ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్నాడు. దారీ, పేర్లూ నేర్పేవాళ్లు కావాలట. నేనొస్తానని రాశాను.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు యీషున్‌లో రైలెక్కాను. యూ టీ స్టేషన్ దాటి జురాంగ్ ఈస్ట్‌లో లైను మారితే బూన్ లేకి దాదాపు గంట. సెలవు రోజు కాబట్టి కూర్చోవడానికి చోటు దొరికింది. అక్కడ తిండి దుకాణాలుండే హాకర్ సెంటరులో సింహాచలం టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే చోటు పట్టి ఉంచి, ఇద్దరు రూమ్మేట్లతో ఎదురుచూస్తున్నాడు. శ్రీకాకుళం మనిషి. నాకు కోపీ అనే ఇక్కడి కాఫీ తెచ్చిపెట్టాడు గానీ తాను ఏమీ ముట్టలేదు.

"టికెట్టుంది, వీసా ఉంది. నోరే లేదక్కా," అన్నాడు. "నాను తోవ తప్పితే అందాకా ఆడు ఆగుతాడా?"

కాగితం మీద దారి రాశాను. ఫ్రాంక్‌ఫుర్ట్ విమానాశ్రయంలో రైలెక్కాలి, హనోఫర్‌లో మారాలి, బ్రేమెన్‌లో ఇంకోసారి మారాలి, ఆపైన బ్రేమర్‌హాఫెన్. స్పెల్లింగు చూసి మనం హానోవర్, బ్రెమర్‌హేవెన్ అంటాం. ఈ పేర్లలో 'వి' అక్షరాన్ని అక్కడ 'ఫ' అని పలుకుతారు. హాంబుర్గ్ లాంటి పేర్లలో 'బర్గ్' అనకూడదు. 'హౌప్ట్‌బాన్‌హోఫ్' అంటే ఊరి ప్రధాన స్టేషన్. బ్రేమర్‌హాఫెన్ పేరుతో ఒకటికి మించి స్టేషన్లున్నాయి కాబట్టి ఆ మాట చూసుకునే దిగాలి.

ఎన్నిసార్లు చెప్పినా 'హేవెన్' అనే అంటున్నాడు. నాకసలే ఓపిక తక్కువ. "అబ్బ, కాస్త మనసు పెట్టి వినవయ్యా!" అని కసిరాను.

సింహాచలం లేచి నిలబడ్డాడు. "ఇలగ కూకుంటే రాదక్కా. యార్డులో రోజూ పొద్దున్న సూపర్‌వైజరు జాగర్తలు సెప్తాడు, మేం వరసలో నిల్చోని గట్టిగా తిరిగి సెప్తాం. ఇంగ్లీషు కూడా అలగే వొచ్చింది మాకు."

రూమ్మేట్లిద్దరూ అతని పక్కన చేరారు. నేను ఒక్కో పేరూ చెప్పడం, ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని అరవడం. పక్క టేబుల్ అంకుల్ నూడుల్స్ ఆపి మమ్మల్నే చూశాడు. సిగ్గేసి నేను గొంతు తగ్గించాను. నాలుగో విడతకు పేరు సరిగ్గానే పలికాడు. చాలుననకుండా, ఇంకా నున్నగా రావాలని మళ్లీ చెప్పించాను.

అప్పుడే ఓడ కంపెనీ ఏజెంటు నుంచి ఫోను. సింహాచలం "యెస్ సార్, యెస్ సార్" అంటూ విని, ఫోను టేబుల్ మీద బోర్లించాడు.

"పోయాడంట," అన్నాడు.

ఆ మనిషినా నేను కసిరింది అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను. కాగితం మడవబోతే అతను అందుకున్నాడు.

"ఉంచండక్కా. ఇప్పుడూ ఆ ఊరికే కదా ఎల్లాలి. ఇంకోపాలి సెప్పండి."

ముగ్గురూ మళ్లీ వరసలో నిలబడ్డారు. ఈసారి నేను గొంతు తగ్గించలేదు.

మంగళవారం పొద్దున్న అతని మెసేజ్ చూశాను. 'ఎక్కడా తప్పిపోలేదక్కా. ఒక్కపాలి అడిగితేనే అందరికీ తెలిసింది.' జర్మనీలో ఉన్న మూడేళ్లూ ఊరి పేరు తప్పు పలికితే నామోషీ అనుకుంటూ బతికాను. ఒక మనిషిని చేరడానికి ఎవరైనా ఆ పేర్లను నేర్చుకుంటారని నాకెప్పుడూ తట్టలేదు. చేరేసరికి ఆ మనిషి లేకపోవడం ఎంత అన్యాయం!

మీరూ అలాంటి ఊళ్లకు వెళ్తుంటే ఒక్క పని చేయండి. మారాల్సిన, దిగాల్సిన స్టేషన్ల పేర్లు తెలిసినవాళ్ల చేత వరసగా చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి, నెట్ లేకపోయినా వినొచ్చు. సింహాచలం ఆ రోజు అలాగే చేసుకుని నాకూ పంపాడు. అందులో బ్రేమర్‌హాఫెన్ తర్వాత, నేను చెప్పని పేరొకటి, తమ్ముడిది, అతని గొంతులో వినిపిస్తుంది. "చిన్నారావు." మిగతా ఇద్దరూ దాన్నీ అలాగే గట్టిగా తిరిగి చెప్పారు.