పిల్లిని ఒలకబోసిన క్లెమెంట్

ఎదుటివాడు నుడికారం తప్పుగా వాడితే క్లెమెంట్ హార్‌గ్రీవ్‌కి తిన్నది అరగదు. నీళ్ళలో మునిగిపోతూ ఎవడైనా కేకవేస్తే, ముందు ఆ కేకలో మాట సరిచేసి, తరవాత తాడు విసిరే రకం. ఉద్యోగమంతా పత్రికాఫీసులో అచ్చుతప్పులు దిద్దాడు. రిటైరయ్యాక దిద్దడానికి కాగితాలు లేక మనుషుల మీద పడ్డాడు.

మావిస్ టీకొట్టే ఆయన కచేరీ. యార్క్‌షైర్ తీరంలో, చేపల రేవు పక్కన, సముద్రపు మంచులో తేలుతున్నట్టుండే కొట్టది. కిటికీలోంచి చూస్తే పడవలు నీళ్ళ మీదున్నాయో మబ్బుల మీదున్నాయో తెలిసేది కాదు. జనం వేడి కప్పు రెండు చేతుల్లో పెట్టుకుని హాయిగా జోగుతూంటే, మూలనుంచి క్లెమెంట్ గొంతు ఖంగుమనేది.

ఒకసారి పాదిరిగారు కేకు కొరుకుతూ ఎవరికో బుద్ధి చెబుతున్నారు. "కేకు దాచుకుని తినేద్దామంటే కుదురుతుందా నాయనా?"

"భేషుగ్గా కుదురుతుంది," అన్నాడు క్లెమెంట్. "నేను రోజూ చేసే పనే అది. తినేశాక దాచుకోవడమే కుదరదు. వరస మార్చండి, పాదిరిగారూ."

పాదిరిగారు కేకు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. క్లెమెంట్ దాన్ని తినేశాడు.

ఈయన నోట ఒక్క తప్పు దొర్లకపోతుందా అని ఊరంతా చెవులు రిక్కించుకుని కూర్చుంది. దొర్లితే కదా!

ఇలా ఉండగా మావిస్ వాళ్ళక్క విన్నీకి భర్త పోయాడు. మావిస్ ఆమెను తన మేడమీదికి తెచ్చుకుంది. రేవులో చేపలమ్మిన గొంతు విన్నీది, గాలివానని కూడా నోరుమూసుకోమనేది. అలాంటి మనిషి ఇప్పుడు పొద్దస్తమానం కిటికీ పక్కన కూర్చుని మంచులోకి చూస్తుంది. పలకరిస్తే తలూపుతుంది, అంతే. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. అలా చూస్తూ చూస్తూ అక్క కూడా ఆ మంచులోనే కరిగిపోతుందేమోనని మావిస్‌కి భయం పట్టుకుంది.

ఓ రోజు క్లెమెంట్ తన మూల వదిలేసి విన్నీ ఎదురుగా చేరాడు. మావిస్ గబగబా అక్కడికి వచ్చింది.

"క్లెమ్, నీకు పుణ్యముంటుంది, దాన్ని వదిలెయ్. అసలే మాటల్లేవు. ఎప్పుడైనా ఒకటొస్తే అదీ దిద్దుతావు."

"నేనేం చేశానే తల్లీ? వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం."

మావిస్ టీ తీసుకెళ్తూ చెవి ఒగ్గింది.

"చలికాలం గురించి ఇప్పుడే బెంగెందుకు విన్నీ? ఆ వంతెన వచ్చినప్పుడు తగలబెడదాం."

మావిస్ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. వచ్చినప్పుడు దాటాలి కదా వంతెన! తగలబెట్టేది దాటొచ్చాక! క్లెమెంట్ నోట ఇలాంటి మాటా? మర్నాడు స్వెట్టరు అల్లడం "రాకెట్‌కి ఆపరేషన్ చేసినంత కష్టమేం కాదు" అన్నాడు. ఆపరేషన్ చేసేది మెదడుకి కదా, రాకెట్‌కి కాదే! అయ్యో, పాపం, మతి పోతోంది అనుకుంది మావిస్. పాదిరిగారితో చెబితే, ఆయన ప్రార్థన చేస్తానన్నారు, కాస్త హుషారుగానే.

ఆ వారమే ఓ మధ్యాహ్నం, మంచు అద్దానికి ఆనుకుని నిద్రపోతున్న వేళ, క్లెమెంట్ గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పకురా అంటే ఆ హెర్బర్ట్‌గాడు రేవంతా తిరిగి పిల్లిని ఒలకబోశాడు, విన్నీ."

విన్నీ చూపు మంచులోంచి ఇటు తిరిగింది. పెదవులు కదిలాయి. క్లెమెంట్ తాపీగా టీ చప్పరించాడు.

"మొత్తం పిల్లిని. చుక్క మిగల్చకుండా."

"పిల్లినెలా ఒలకబోస్తారయ్యా, మొద్దు మొహమా!" విన్నీ గొంతుకి చెంచాలు మోగాయి. "గుట్టు బయటపెడితే పిల్లిని సంచిలోంచి వదిలాడంటారు! ఒలకబోసేవి చిక్కుడుగింజలు!"

కొట్టంతా అటు తిరిగింది. మావిస్ ట్రే బల్లమీద పెట్టి, ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుని, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

క్లెమెంట్ తప్పు ఒప్పుకుంటాడని అందరూ మెడలు చాచారు. ఒప్పుకుంటే మాట అక్కడితో ఆగిపోదూ?

"పిల్లినే ఒలకబోస్తారు," అని బల్ల గుద్దాడు. "జన్మంతా అచ్చులో చూశాను."

ఆ మాట అంటూంటే చెవులు ఎర్రగా కందిపోయాయి. తప్పుని వెనకేసుకురావడం ఆయనకి పన్ను పీకించుకోవడం కన్నా బాధ. ఆ చెవులు చూశాక గానీ మావిస్‌కి సంగతి బోధపడలేదు. మతి పోవడమా? ఈయనకా?

"ఎక్కడ చూశావు? ఏ పత్రికలో? మతి కాకెత్తుకుపోయిందా నీకు?" అంటూ విన్నీ కుర్చీ ముందుకి లాక్కుంది.

మర్నాడు మావిస్ కిందికి దిగేసరికి అక్క అప్పటికే జుట్టు దువ్వుకుని, రెండు కప్పులు సర్దుకుని కూర్చుంది.

"వచ్చాడా ఆ మహానుభావుడు?" అంది. "రానీ. ఇవాళేం కూస్తాడో నేనూ చూస్తా."