తేరిన నీళ్ళు

మా బాబాయికి అన్నింటికీ ఒకటే మాట ఉండేది. తేరింది. జ్వరం తగ్గితే తేరింది. వాన వెలిసి ఆకాశం కనబడితే తేరింది. ఇంట్లో పోట్లాట చల్లారి పిన్ని మళ్ళీ మామూలుగా మాట్లాడటం మొదలుపెడితే, నా వైపు చూసి కన్నుగీటి, ఆమెకు వినబడకుండా, తేరింది అనేవాడు. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన తేరిందయ్యే.

అది ఆయన పనిలోంచి వచ్చిన మాట. బాబాయి అద్దకం షెడ్డులో జాడింపు పని చేసేవాడు. రంగులో ఉడికి వచ్చిన గుడ్డని వరసగా నీళ్ళ తొట్లలో ముంచి, ఎత్తి, పిండి, పట్టని రంగంతా వదిలిపోయేదాకా జాడించాలి. వదిలిందో లేదో తెలుసుకోవడానికి ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డపీలిక ఉండేది. చివరి తొట్టి నీళ్ళలో దాన్ని ముంచి, పిండి, వెలుతురుకి పట్టి చూసేవాడు. పీలిక తెల్లగా ఉంటే "తేరింది!" అని కేక పెట్టేవాడు. ఆ కేక వినబడ్డాకే ఆరేసేవాళ్ళు ముందుకొచ్చి గుడ్డ అందుకునేవారు. దానిమీద ఇంకెవరూ ఇంకో మాట అనేవారు కాదు.

జాడించిన నీళ్ళు షెడ్డు వెనక కాలవలోకి పోయేవి. ఆ కాలవ మా వీధి పక్కనుంచే పారేది. లోకంలో ఏం జరుగుతోందో మాకు అదే చెప్పేది. ముదురు నీలం పారిందంటే బడులు తెరవబోతున్నారన్నమాట. గులాబీ, పసుపు, చిలకాకుపచ్చ వస్తే ఆ ఏటి మోజు అదన్నమాట. నలుపు పారితే మాత్రం ఏదో రంగు అమ్ముడుపోలేదని అర్థం. కిందటేడు జనం ఎగబడి కొన్న రంగు ఈ ఏడు ఎవరికీ అక్కర్లేక బేళ్ళకు బేళ్ళు వెనక్కి వచ్చేవి. వాటన్నిటినీ నలుపులో ముంచి మళ్ళీ అంగళ్ళకి పంపేవారు. నలుపు ఒక పట్టాన తేరదు. ఆ వారమంతా బాబాయి నడుం పట్టుకుని ఇంటికి వచ్చేవాడు.

"జనానికి ఒంటిమీద గుడ్డ చిరక్కముందే విసుగు పుడుతోందయ్యా. ఆ విసుగంతా మన కాలవలో పారుతోంది," అనేది పిన్ని.

"పారనీవే. వాళ్ళకి విసుగు పుట్టకపోతే మన పొయ్యి వెలగదు."

"పొయ్యి వెలుగుతుందిలే. నీ చేతులు చూస్తుంటే నాకు ముద్ద దిగట్లేదు. నిన్న నీలం, ఇవాళ ఎరుపు. రోజుకొకడి చేతులు తగిలించుకొస్తున్నావా ఏం?"

నేనప్పుడు వాళ్ళింటి మేడమీద గదిలో ఉండేదాన్ని. చదువుకోవడానికి కిటికీ దగ్గర కూర్చుంటే కింద పెరడూ, పెరటి మధ్యలో బోరింగూ కనబడేవి. వీధి మొత్తానికి నీళ్ళిచ్చే బోరింగు అదొక్కటే మిగిలింది. షెడ్లవాళ్ళు నీళ్ళ కోసం లోతుకి, ఇంకా లోతుకి గొట్టాలు దింపుకుంటూ పోయేసరికి మిగతా ఇళ్ళ బోరింగులు ఒక్కొక్కటే గాలి కక్కి ఊరుకున్నాయి. మాది మాత్రం ఎందుకో మొండిగా నీళ్ళిస్తూనే ఉంది. పొద్దున లేస్తే పెరటి తలుపు అవతల బిందెల చప్పుడు.

ఒకరోజు పొద్దున పిన్ని బోరింగు కొడుతూ కొడుతూ చెయ్యి ఆపేసింది. బిందెలో నీళ్ళు పల్చటి ఎరుపు. బిందె వంచేసి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే ఎరుపు. వరసలో ఉన్న ఆడవాళ్ళు ముందుకి వంగి బిందెలోకి చూశారు. ఎప్పుడూ నోటికి తాళం లేని ఎదురింటావిడ ఖాళీ బిందెని పొట్టకి హత్తుకుని వెనక్కి జరిగింది. బాబాయి వచ్చి దోసిలి పట్టాడు. వెలుతురుకి చూశాడు.

"ఇది మా షెడ్డు ఎరుపే. మొన్న నేను జాడించిందే," అన్నాడు. పోగొట్టుకున్న వస్తువుని పోల్చుకున్నవాడిలా ఉంది ఆయన గొంతు. "కాలవలోకి పోయిందనుకున్నాం. కిందనుంచి నడిచొచ్చింది."

వీధి వీధంతా షెడ్డు మీదికి పోయింది. అరుపులయ్యాయి. కొన్నాళ్ళు ట్యాంకరు వచ్చింది. దానికోసం కొట్టుకున్నారు, దాని వెనకాల పరుగులు తీశారు. తరవాత షెడ్డులో ఒక పెద్ద తొట్టి కట్టారు. కాలవలోకి వదిలే ముందు నీళ్ళని అందులో నిలబెట్టి, డ్రమ్ములోంచి ఏదో మందు పోస్తారట. పోసిన కాసేపటికి రంగు విరిగిపోతుందట. నిజంగానే కాలవలో నీళ్ళు తేటపడ్డాయి. అడుగున రాళ్ళు కూడా కనబడ్డాయి. మెల్లమెల్లగా మా బోరింగులో ఎరుపు గులాబీగా మారి, తరవాత అదీ పోయింది.

అయినా ఎవరూ ముట్టుకోలేదు. బాబాయి మాట కోసం చూశారు. ఆ రోజు అందరూ పెరట్లో గుమిగూడారు. ఆయన తెల్లపీలికని బిందెలో ముంచి, పిండి, రెండు చేతులతో విప్పి ఎండకి పట్టాడు. చుక్క మరక లేదు.

"తేరింది!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన మొదటి గ్లాసు తాను తాగి, రెండోది మనవరాలి నోటికి అందించాడు. ఆ తరవాత అందరం తాగాం. నేనూ తాగాను. చల్లగా, రుచిగానే ఉన్నాయి.

ఆ మనవరాల్ని చిట్టిది అనేవాళ్ళం. వాళ్ళమ్మ, అంటే బాబాయి కూతురు, బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసేది. పొద్దున పిల్లని దింపి పొద్దుగూకాక తీసుకుపోయేది. తాత ఇంట్లో ఉన్నంతసేపూ చిట్టిది ఆయన భుజమ్మీద పీలిక లాక్కుని, కనబడ్డ నీళ్ళలోకల్లా ముంచి, "తేయింది!" అని అరుస్తూ ఉండేది. ఆవుపాలలో కూడా ముంచింది ఒకసారి. వీపు పగిలింది.

ముందు కప్పలు పోయాయి. వానలు పడ్డాయి, గుంటలు నిండాయి. ఒక్క కప్ప కూడా అరవలేదు. ఆ నిశ్శబ్దాన్ని మొదట ఎవరూ పట్టించుకోలేదు. నిద్ర బాగా పడుతోందని ఎదురింటావిడ సంతోషించింది కూడా. తరవాత బోరింగు పక్కనున్న మందారం ఆకులు అంచులు కాలిన కాగితాల్లా ముడుచుకున్నాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది. గీకితే పొడి రాలేది. పెరట్లో తిరిగే పిల్లి బోరింగు కింద నిలిచిన నీళ్ళ దగ్గరికి వచ్చి, మూతి ఆనించబోయి, వెనక్కి తగ్గి వెళ్ళిపోవడం నేను కిటికీలోంచి చాలాసార్లు చూశాను.

పిన్ని కూడా చూసింది. "ఏమయ్యా, పిల్లి ముట్టని నీళ్ళు మనం తాగుతున్నామా?"

"నువ్వు పాలు పోసి పోసి దాన్ని చెడగొట్టావు. ఇంక నీళ్ళేం తాగుతుంది మహారాణి!"

పిన్ని నవ్వలేదు.

చిట్టిది ఆడటం తగ్గించింది. గోడకి ఆనుకుని కూర్చునేది. కడుపు పట్టుకుని ముడుచుకునేది. అరిచేతుల్లో చర్మం పొరలు పొరలుగా లేవడం మొదలైంది. బాబాయి దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పోయాడు. పిన్ని వెంట నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ పిల్ల చేతులు తిప్పి చూసింది, గోళ్ళు చూసింది.

"ఏ నీళ్ళు తాగుతున్నారు?"

"బోరింగు నీళ్ళేనమ్మా. మంచి తేట నీళ్ళు."

"మంచివని ఎవరు చెప్పారు?"

పిన్ని బాబాయి వైపు చూడకుండా నేలకేసి చూసింది. "నేనే," అన్నాడు చివరికి.

ఆ నీళ్ళు మాన్పించమంది డాక్టరమ్మ. మాన్పిస్తే పిల్ల తేరుకుంటుందంది. ఆ మాట వినగానే బాబాయి భుజం మీది పీలికని చేత్తో గట్టిగా పట్టుకోవడం చూశాను.

మర్నాడు షెడ్డులో మందు పోసేవాడిని అడిగాడట. వాడు కుర్రతనం పోని మనిషి, అన్నిటికీ నవ్వుతాడు.

"మందు పోస్తే రంగు ఎక్కడికి పోతుంది రా?"

"ఎక్కడికి పోతుంది బాబాయ్? అక్కడే ఉంటుంది. కనబడదంతే." డ్రమ్ము మూత బిగిస్తూ మళ్ళీ నవ్వాడట. "కనబడకపోతే ఎవరూ అరవరుగా!"

ఆ రోజు నుంచి బాబాయికి భయం పట్టుకుంది. మామూలు భయం కాదు. గ్లాసులో నీళ్ళు పోసిస్తే అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసేవాడు. వాన నీళ్ళు పట్టి చూసేవాడు. "ఇన్నేళ్ళూ నేను చూసింది గుడ్డనే, నీళ్ళని కాదు," అన్నాడు నాతో ఒకసారి, మేడమెట్ల మీద కూర్చుని. "ఎర్రగా ఉన్నన్నాళ్ళూ బతికిపోయాం. చూసి భయపడ్డాం, తాగలేదు. తేటపడ్డాకే తాగాం. ఇలా వస్తుందని ఎవరైనా అనుకుంటారా అమ్మా?"

వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు, తాగొద్దని.

"నువ్వే కదయ్యా తేరిందన్నావు!" అంది ఎదురింటావిడ. "నీ మాట మీదే కదా తాగాం. ఇప్పుడు కాదంటే ఎలా? ట్యాంకరు వెనకాల మళ్ళీ నువ్వు పరిగెత్తుతావా?"

"కనబడదు వదినా. లోపల ఉంటుంది."

"కనబడనిదాన్ని నేనెక్కడ చూసేది? గ్లాసు చూడు, అద్దంలా ఉంది. నీకు వయసొచ్చింది, చూపు మందగించింది, అంతే."

ఆయన బోరింగు చేతిపిడి ఊడదీసి దాచాడు. వీధివాళ్ళు పాత బోరింగు పిడి తెచ్చి బిగించుకున్నారు. ఆయన పెరటి తలుపుకి తాళం వేశాడు. నీళ్ళు అందరివీ, నీ ఒక్కడి సొత్తా అని తిట్టి గోడ దూకి వచ్చారు. దాహానికి సిగ్గూ తాళమూ ఉండవు కదా. చివరికి ఆయనే తాళం తీసేశాడు.

చిట్టిదానికి వేరే నీళ్ళు తెచ్చి సీసాలో పోసేవాళ్ళు. కాని పిల్లని ఎంతసేపని కాచుకోగలరు? ఒక సాయంత్రం ఆయన పని నుంచి వచ్చేసరికి చిట్టిది బోరింగు కింద వంగి నోరు పెట్టి తాగుతోంది. ఎదురింటావిడ పాపం ప్రేమగానే పిడి కొడుతోంది. "గొంతెండిపోతోందంది, చూసి ఊరుకోలేక..." అంటోంది. బాబాయి పరిగెత్తుకొచ్చి పిల్లని లాక్కున్నాడు. నోట్లో వేలు పెట్టి కక్కించబోయాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. పిల్ల గడ్డం మీదినుంచి కారుతున్న నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో నేను పైనుంచి చూశాను. ఆ తేటదనాన్ని తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

తరవాత కొద్ది రోజులకి, ఎండ నడినెత్తికి వచ్చి వీధి తలుపులన్నీ మూసుకున్న వేళ, కింద ఇనుము చప్పుడైతే పుస్తకం పక్కన పెట్టి చూశాను. బాబాయి బోరింగు తల విప్పుతున్నాడు. పక్కన బకెట్టు. బకెట్టులో ఉన్నదేమిటో మేడమీదికి కూడా తెలుస్తోంది, అంత ఎరుపు. ఆయన అటూ ఇటూ చూసి, బకెట్టు ఎత్తి, మెల్లగా గొట్టంలోకి ఒంపాడు. ఒంపుతూ ఏడుస్తున్నాడు. జీవితమంతా రంగు వదిలించిన మనిషి, నీళ్ళలో రంగు కలుపుతున్నాడు. విషమున్న చోటనే ఇంకొంచెం విషం. ఆ సంగతి ఆయనకి తెలీదనుకోను. తల మళ్ళీ బిగించి, బకెట్టు కడిగి, ఆ కడిగిన నీళ్ళు ఎక్కడ పారబోయాలో తెలియక చాలాసేపు బకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం మొదటి బిందెలో నీళ్ళు చిక్కటి ఎరుపు వచ్చాయి. వీధిలో గగ్గోలు లేచింది. మళ్ళీ వచ్చిందీ ముదనష్టం అని తిట్టారు. పిల్లల్ని బోరింగు దగ్గరికి పోనివ్వకుండా రెక్కలు పట్టుకుని లాక్కుపోయారు. చిట్టిది కూడా దూరంగా నిలబడి, "ఛీ," అంది.

పిన్ని భోజనం వడ్డిస్తూ బాబాయి చేతుల వైపు చూసింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ ఎరుపు.

"ఈ వారం మీ షెడ్డులో ఆకుపచ్చ కదా?" అంది నెమ్మదిగా.

కలిపిన ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది. పిన్ని గరిటె కింద పెట్టి, వీధి గుమ్మంలోకి వెళ్ళి గొంతెత్తింది. "ఏమర్రా! ఈ నీళ్ళు ముట్టుకున్నారంటే ఒక్కొక్కరి కాళ్ళు విరగ్గొడతాను! రేపు అందరూ పదండి షెడ్డుకి. ట్యాంకరు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదిలేది లేదు!" లోపలికి వచ్చి ఆయన చేతుల మీద చెంబుతో నీళ్ళు పోసి, తన కొంగుతో గోళ్ళు రుద్దింది. వదల్లేదు.

ట్యాంకరు వచ్చింది. చిట్టిది మెల్లగా మళ్ళీ పరుగులు పెట్టడం మొదలుపెట్టింది. కాని బాబాయి మాత్రం రోజూ అందరికంటే ముందు లేచి, బోరింగు కొట్టి, పీలిక ముంచి చూసేవాడు. పీలికకి ఎరుపు అంటితే ఊపిరి పీల్చుకునేవాడు. రోజురోజుకీ ఆ ఎరుపు పలచబడుతోంది. ట్యాంకరు కూడా రోజు విడిచి రోజు రావడం మొదలైంది.

ఒక పొద్దున పీలిక తెల్లగా వచ్చింది. నేను పైనుంచి చూస్తున్నాను. ఆయన దాన్ని మళ్ళీ ముంచాడు, మళ్ళీ పిండాడు. తెల్లగానే ఉంది. పెరటి తలుపు అవతల ఖాళీ బిందె ఒకటి గోడకి తగిలి మోగింది.

"ఏం తేరిందయ్యా," ఎదురింటావిడ గొంతు, ఆశగా. "ట్యాంకరు రాలేదివాళ. తేరిందా?"

ఆయన ఆ తెల్లగుడ్డని గుప్పిట్లో నలిపి దాచుకున్నాడు.

"లేదు వదినా," అన్నాడు. "తేరలేదు."