అలీ సాహెబ్ సరేనన్న పట్టీ

పిడుగురాళ్ల హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో అలీ సాహెబ్ నలభై రెండేళ్లుగా లారీలకు కమాను కట్టలు, అంటే ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల దొంతరలు, బిగిస్తున్నాడు. కొత్త పట్టీలు ఎవరైనా బిగిస్తారు. పాత లారీ నుంచి ఊడదీసిన పట్టీల్లో పనికొచ్చేదేదో, పారెయ్యాల్సిందేదో చెప్పడంలోనే ఆయన పేరంతా ఉంది. పట్టీని తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో ఒక్కటేస్తాడు. ఖంగుమని సాగితే బిగించొచ్చు. బొంగురుగా పలికి ఆగిపోతే ఎక్కడో పగులున్నట్టే. మాచర్ల నుంచి అచ్చంపేట దాకా లారీల వాళ్లు ఆయన "సరే" అన్నాక ఇంకో మాట అడగరు.

ఆ మాటకు ఆధారమైన చెవులే రెండేళ్లుగా మొరాయిస్తున్నాయి. అన్నేళ్లు ఇనుము మీద ఇనుము మోగించినవాడికి చెవులు నిలిచి ఉంటే అదీ వింత. ఆయన మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో టీవీ సౌండు పెంచితే భార్య తిడుతుంది గానీ, షెడ్డులో సుత్తి గట్టిగా కొడితే అడిగేవాళ్లెవరు? చెప్పుకోవడానికి సిగ్గు. చెబితే ఇక తన గడప ఎవరు తొక్కుతారని భయం.

మొన్న ఎండాకాలం ఒక పొద్దున గోపీనాథ్ తన టిప్పర్‌తో వచ్చాడు. క్వారీ నుంచి సున్నపుబట్టీలకు రాయి తోలే బండి అది. లోడెక్కితే వెనక భాగం చతికిలబడుతోంది. డ్రైవరు అంతోని నాలుగు పాత పట్టీలు దించి కింద పడేశాడు.

"సాయిబూ, వెనక కట్టలకి చెరో రెండు ఎక్కించు. నర్సరావుపేటలో పాత బండిని తుక్కు కింద కోస్తుంటే తెచ్చా. ఏదన్నా తేడాగా ఉంటే చెప్పు, పారేద్దాం," అన్నాడు గోపీనాథ్.

అలీ సాహెబ్ ఒక్కోటీ వేలాడదీసి కొట్టాడు. నాలుగూ ఆయనకు ఒకేలా, పక్కూళ్లో ఎవరో కొట్టినట్టు వినిపించాయి. మూడోదాన్ని కొట్టినప్పుడు మాత్రం అంచుకు ఆనించిన వేళ్లకు అదురు చటుక్కున ఆగినట్టనిపించింది. మిగతా మూడూ వేళ్ల కింద కాసేపు వణికాయి. మళ్లీ కొట్టి చూడొచ్చు. కానీ ఎదురుగా ఇద్దరు చూస్తున్నారు. అలీ సాహెబ్ ఏనాడైనా రెండోసారి కొట్టాడా?

"సరే," అన్నాడు.

అంతోని ఆయన ముఖం కేసి ఒక క్షణం చూసి, జాకీ తేవడానికి వెళ్లాడు.

ఇరుసు కింద మొద్దులు పెట్టి, బోల్టులు విప్పి, తెచ్చిన పట్టీల వంపు సరిచేసి, పాత కట్టలో చేర్చి బిగించేసరికి మధ్యాహ్నమైంది. గోపీనాథ్ భోజనానికి వెళ్లాడు. అంతోని బండి నీడలో క్యారేజీ విప్పి, గోంగూర పప్పు కలిపిన అన్నం సాహెబ్‌కూ పెట్టాడు.

"లోడుతో క్వారీ ఎక్కి వచ్చేటప్పుడు బండి ఒక పక్కకి ఒరిగిద్ది మామా. చానా భయపడేవాణ్ణి. నీ చెయ్యి పడింది గదా, ఇంక ఫర్లేదు."

అలీ సాహెబ్ చేతిలో ముద్ద అలాగే వదిలేశాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. "అంతోనీ, ఎడమ కట్ట విప్పుదాం."

"ఏంది మామా, బిగించేశాంగా?"

"విప్పమంటుంటే!"

మూడో పట్టీని బయటికి లాగి కిరోసిన్‌తో బాగా తడిపాడు. కాసేపాగి గుడ్డతో పొడిగా తుడిచి, పక్క బట్టీ నుంచి తెప్పించిన మెత్తటి సున్నం పైన చల్లాడు. కుర్రతనంలో ఉస్తాదు నేర్పిన పని ఇది. చెవులు పనిచేసినన్నాళ్లూ అవసరం పడలేదు. పగులుంటే అందులో ఇంకిన కిరోసిన్ పైకొచ్చి సున్నాన్ని తడుపుతుంది. రెండు నిమిషాలకు ఆ తెలుపులో, నడిమి బోల్టు చిల్లి పక్కన, వెంట్రుకంత నల్లగీత తేలింది.

అప్పుడే వచ్చిన గోపీనాథ్‌కు అలీ సాహెబ్ ఆ గీత చూపించాడు.

"నా చెవులు పోయినయ్ బాబూ. రెండేళ్లయింది. వినపడకుండానే సరే అన్నా."

నలభై రెండేళ్ల పేరు ఆ ఒక్క ముక్కతో పోయిందనుకున్నాడు. గోపీనాథ్ వంగి ఆ గీత మీద గోటితో గీకి చూశాడు. నోరు విప్పింది అంతోని.

"నాకు వినపడింది మామా. నువ్వు కొట్టినప్పుడే పగిలిన కుండ మాదిరి పలికింది. నువ్వు సరే అన్నావ్ గదా, నా చెవికేం తెలుసులే అనుకున్నా."

అలీ సాహెబ్‌కు చెవులు పోయినందుకు కూడా అంత బాధ కలగలేదు. తన మాట మీద నమ్మకంతో ఈ మనిషి, స్పష్టంగా విన్నదాన్ని కూడా విననట్టే అనుకుని, పది టన్నుల రాయి వీపు వెనక పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చోబోయాడు.

ఇప్పుడు షెడ్డులో కిరోసిన్ సీసా, సున్నం డబ్బా అందరికీ కనపడేలా ఎదురుగానే ఉంటాయి. లారీల వాళ్లు రావడం మానలేదు. పాత పట్టీలు ఎవరు తెచ్చినా ఓనరును పక్కన నిలబెట్టి, ముందు సుత్తిని డ్రైవరు చేతికిస్తాడు.

"కొట్టు. నీకేం వినపడిందో చెప్పు. నా మొహం చూడమాక."