వెడల్పు తెర ముందు ఖాదర్ చాచా

అది 2010. మెదక్‌లో నేను కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టి ఆరేళ్ళయింది. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని సీపీయూ విప్పుతుంటే నిలబడి చూసే జనం అప్పటికి కాస్త తగ్గారు. ఊరంతా తెలంగాణ ఉద్యమం. ఏ చౌరస్తాలో చూసినా టెంటు, టెంటులో రిలే నిరాహార దీక్ష, వెనక ఒక పెద్ద ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీల్లో సగానికి పైగా శ్రీశైలం అనే అతని ఫ్లెక్సీ దుకాణంలో తయారయ్యేవి. డిజైన్ ఇక్కడ చేసి పెన్‌డ్రైవ్‌ను మధ్యాహ్నం రెండు గంటల బస్సులో హైదరాబాదు పంపేవాడు. ప్రింటయిన ఫ్లెక్సీ మర్నాడు పొద్దున అదే బస్సులో చుట్టగా వచ్చేది.

డిజైన్ చేసేది ఖాదర్ చాచా. యాభై అయిదేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు గోడల మీద బ్రష్షుతో రాసిన చెయ్యి ఆయనది. రామాయంపేట నుంచి తూప్రాన్ దాకా సిమెంటు ప్రకటనలు, బడి బోర్డులు, మనిషంత ఎత్తు బొమ్మలు, తెలుగైనా ఉర్దూ అయినా గీత వంకరపోయేది కాదు. ఫ్లెక్సీలొచ్చి గోడ రాతల పని ఊడ్చుకుపోయాక, తన పొట్ట కొట్టిన ఫ్లెక్సీ దగ్గరికే వచ్చి కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నాడు. "బ్రష్షు పోతే పోయె, మౌస్ గుడ చేత్తోనే పట్టాలె గద బేటీ" అన్నాడు నాతో.

ఆ ఏడాది శ్రీశైలం ఇరవై రెండు అంగుళాల వెడల్పు మానిటర్ కొన్నాడు. అప్పటిదాకా మా ఊళ్ళో ఉన్నవన్నీ డబ్బా మానిటర్లు, నాలుగు పాళ్ళ వెడల్పుకు మూడు పాళ్ళ ఎత్తు. కొత్తది పదహారుకు తొమ్మిది. ఈ వెడల్పు ఎత్తుల లెక్కనే మా పనిలో యాస్పెక్ట్ రేషియో అంటాం. బిగించడానికి వెళ్ళింది నేనే. నిజం చెప్పాలంటే నాకూ పండగలాగే ఉంది, అంత పెద్ద తెర మెదక్‌లో అదే మొదటిసారి చూడటం. శ్రీశైలం కొబ్బరికాయ కొట్టి తెర మూలన బొట్టు పెట్టాడు. పక్క చెప్పుల దుకాణం వాళ్ళు, ఎదురు మిర్చి బండి వాళ్ళు అందరూ వచ్చి చూశారు.

కానీ తెర వెలిగాక శ్రీశైలం ముఖం వాడిపోయింది.

"ఇదేందక్కా, టీవీ అంత తెర తెస్తే అక్షరాలు చీమల లెక్క ఉన్నయి. పెద్దగ చెయ్యి జర."

తెర మీద ఎన్ని చుక్కలు పేర్చాలో చెప్పే లెక్కను రెజల్యూషన్ అంటాం. ప్రతి తెరకూ దాని ఆకారానికి తగిన లెక్క ఒకటుంటుంది. దాన్ని తగ్గిస్తే చుక్కలు లావై అక్షరాలు పెద్దవవుతాయి. నేను తగ్గించాను. పాత డబ్బా మానిటర్ లెక్కే పెట్టి తెర నిండా సాగదీశాను. అక్షరాలు పెద్దవయ్యాయి, శ్రీశైలం ముఖం వెలిగింది, నేను టీ తాగి వచ్చేశాను.

పదిరోజులకు చౌరస్తాలో కొత్త టెంటు వేశారు. దీక్షకు కూర్చున్నది కాలేజీ లెక్చరర్ సారు. బొద్దు మనిషి, నవ్వితే బుగ్గలు కళ్ళను మూసేస్తాయి. ఆయన వెనక కట్టిన ఫ్లెక్సీలో మాత్రం దవడలు పీక్కుపోయి, మెడ సన్నబడి, వారం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టనట్టున్నాడు. ఊరంతా ఒకటే నవ్వు. దీక్ష మొదలవకముందే సారు చిక్కిపోయాడని. ఆయన మంచివాడు కాబట్టి తనూ నవ్వి ఊరుకున్నాడు. శ్రీశైలం ప్రింటింగు వాళ్ళకు ఫోన్ చేస్తే, మీరు పంపిందే వేశామన్నారు. వారం తిరక్కుండా ఒక పెళ్ళి ఫ్లెక్సీలో పెళ్ళికూతురు కూడా అలాగే చిక్కిపోయి వచ్చింది. పెళ్ళికూతురి తండ్రి నవ్వలేదు. దుకాణం ముందుకొచ్చి నానా మాటలూ అని వెళ్ళాడు.

అప్పుడే శ్రీశైలం దుకాణంలో బిల్లుల చిన్న ప్రింటర్ మొరాయిస్తే చూడ్డానికి వెళ్ళాను. చాచా నెమ్మదిగా అడిగాడు.

"బేటీ, ఫోటో తెరిస్తే ముఖాలు లావుగ కనవడుతున్నయి. నేను సరి చేస్తున్న. తెరల ఏమన్న తేడా ఉన్నదంటవా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే అనుకున్నాను మనసులో. నేను బిగించిన కొత్త తెర మరి. "తెర మంచిగనే ఉంది చాచా. ఒకసారి కండ్లు చూపించుకోరాదుండ్రి" అన్నాను. పక్కనున్న శ్రీశైలం ఆ మాట పట్టుకున్నాడు. చాచా కళ్ళు పోయాయని రెండ్రోజుల్లో బజారంతా తెలిసింది. చాచా దవాఖానకు వెళ్ళాడు. అక్కడ కొద్దిపాటి పవరున్న కళ్ళద్దాలు రాసిచ్చి, కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. అద్దాలు పెట్టుకున్నా ముఖాలు లావుగానే కనిపించాయి.

మళ్ళీ నేను వెళ్ళిన రోజు విద్యార్థుల సభకు ఫ్లెక్సీ తయారవుతోంది. మధ్యలో మళ్ళీ ఆ లెక్చరర్ సారు ముఖమే. రెండు గంటల బస్సుకు ఇంకో గంటన్నర ఉంది. శ్రీశైలం నన్ను బయటికి పిలిచి చెప్పాడు. "ఇది గుడ ఖరాబైతే నా దుకాణం ఇజ్జత్ పోతదక్కా. రామాయంపేటల ఒక డిజైనర్ను మాట్లాడిపెట్టిన. చాచాకు నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

చెప్పనక్కర్లేదు, చాచాకు తెలుసు. లోపల మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"చెయ్యి వణికితే మందుంటది బేటీ," అన్నాడు. "కన్నే అబద్ధం చెప్తే ఏం జెయ్యాలె? ముప్పయ్యేండ్లు దీన్ని నమ్ముకొని బతికిన."

ఏదో ఒకటి అనాలని, "గోడ మీద బొమ్మ ఏసేటప్పుడు కొలత ఎట్ల వడుతుంటిరి చాచా?" అని అడిగాను. ఆయన జేబులోంచి సుద్ద అంటిన ఒక దారం తీశాడు. బ్రష్షు మానేసినా దారం మానలేదన్నమాట. తెర పక్కన అంటించిన సారు పాస్‌పోర్ట్ ఫోటో మీద దారం పెట్టి, దాన్ని పాళ్ళుగా మడిచి చూపించాడు.

"ఈ చెవు నుంచి ఆ చెవుకు మూడు పాళ్ళు. నెత్తి నుంచి గదుమకు నాలుగు. గోడ ఎంత పెద్దదైనా గీ లెక్క తప్పొద్దు."

"గదే ఫోటో తెర మీద తెరిచి కొలువుండ్రి. ఏం ముట్టకుండ."

ఫోటో తెరిచాడు. నిలువుగా దారం పెట్టి నాలుగు మడతలు పెట్టాడు. అదే మడతతో అడ్డంగా కొలిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ నాలుగే వచ్చింది.

మూడు నాలుగైంది. నాలుగుకు మూడుగా ఉండాల్సిన బొమ్మను పదహారుకు తొమ్మిదిగా సాగదీస్తే సరిగ్గా అంతే అవుతుంది. ఫైలులో ముఖం సరిగానే ఉంది, తెర దాన్ని లావు చేసి చూపిస్తోంది. ఆ లావును చాచా కన్ను ఒప్పుకోక నొక్కుతోంది. నొక్కిన ముఖమే హైదరాబాదు వెళ్ళి చిక్కిపోయి వస్తోంది. శ్రీశైలానికీ నాకూ వెడల్పు తెరంటే ఇలాగే ఉంటుంది కాబోలని రెండ్రోజుల్లో అలవాటైపోయింది. ముప్ఫై ఏళ్ళు కొలతలు పట్టిన ఆయన కంటికి మాత్రం అలవాటు కాలేదు.

చప్పుడు చేయకుండా సరిచేసి బయటపడొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ చాచా దారం పట్టుకుని నా ముఖంలోకే చూస్తున్నాడు. శ్రీశైలాన్ని లోపలికి పిలిచి చెప్పాను, తప్పు కంటిది కాదు, నాదని.

"గట్లెట్లక్కా?" అన్నాడు శ్రీశైలం. "చాచా కండ్లు చూపించుకొమ్మన్నది నువ్వే గద."

"నేనే అన్న. మద్దెల ఓడు జేసింది గుడ నేనే."

తెరకు దాని అసలు లెక్క పెట్టాను. అంతా ఒక్కసారి నల్లబడి వెలిగింది. సారు ముఖం సారు ముఖమైంది. అక్షరాల సైజు పెంచే సెట్టింగు వేరే ఉంటుంది, మొదటే చేయాల్సిన పని, అదిప్పుడు చేశాను. ఇంకో సంగతీ ఉంది. ఇంత పెద్ద తెరను చిన్న బల్ల మీద ముక్కుకు దగ్గరగా పెట్టడంతో చాచా రోజంతా ఈ మూల నుంచి ఆ మూలకు మెడ తిప్పుతూనే ఉన్నాడు. బల్లను గోడ దాకా జరిపి, తెరను చెయ్యి చాపినంత దూరంలో, కళ్ళకంటే కాస్త కిందికి ఉండేలా పెట్టాం.

చాచా లేచి రోడ్డు మీదికి వెళ్ళాడు. గోడ బొమ్మను పది అడుగులు వెనక్కి వెళ్ళి చూసే అలవాటు ఆయనది. అద్దం తలుపులోంచి, ఒక కన్ను మూసి, బొటనవేలు ముందుకు చాపి తెరను చాలాసేపు చూశాడు. బస్సుకు టైం అవుతోందని శ్రీశైలం గిలగిల్లాడుతున్నాడు. చాచా లోపలికొచ్చి అద్దాలు తీసి జేబులో పెట్టుకుని మౌస్ పట్టుకున్నాడు. పెన్‌డ్రైవ్ కదిలే బస్సు ఎక్కింది.

మర్నాడు పొద్దున బస్టాండులోనే ఫ్లెక్సీ విప్పించాను. ఆగలేకపోయాను. బుగ్గలతో సహా సారు అలాగే ఉన్నాడు. సంతోషంతో కంట్లో నీళ్ళు తిరిగాయి నాకు. చాచా దాన్ని ఒకసారి చూసి, "కన్ను మంచిగనే ఉన్నది బేటీ" అన్నాడు అంతే. సుద్ద దారంలో ఒక మూర తెంపి నా చేతిలో పెట్టాడు. రామాయంపేట డిజైనర్ సంగతి శ్రీశైలం మళ్ళీ ఎత్తలేదు.

ఆ మూరెడు దారం ఇప్పటికీ నా టూల్ బ్యాగులో ఉంది. ఏ తెర బిగించినా ముందు దాని మీద ఒక గుండ్రటి బొమ్మ తెరిచి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలుస్తాను. కుర్చీలో కూర్చునే మనిషిని పిలిచి, నీకెట్లా కనిపిస్తోందని అడుగుతాను. తేడాగా ఉందంటే నా పనినే ముందు అనుమానిస్తాను. ఎందుకంటే మా అందరికీ అలవాటైపోయిన తప్పును పట్టుకున్న ఒకే ఒక్క కంటికి, ఆ రోజు నేను అద్దాలు పెట్టించాను.