మునిరత్నం సారును ఎవరూ పట్టుకోలేదు

పోయిన మంగళవారం పొద్దున పుత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. టికెట్లు కొట్టడం అయ్యాక కండక్టరు ముందుకు వెళ్ళి డ్రైవరుతో అన్నాడు: "మన మునిరత్నమన్న పోయినాడంటనే. తెల్లారుజామున గుండెనొప్పి వచ్చినాదంట. ఆస్పత్రి దాకా కూడా పోలా."

"యా మునిరత్నం? పాటల మునిరత్నమా?" అన్నాడు డ్రైవరు.

ఆ తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. నేను పనిచేసే బడి ముందు బస్సు ఆగి, మళ్ళీ కదిలింది. పుత్తూరులో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి భుజం దగ్గర టికెట్ల సంచి ఆడించేదాకా నేను లేవలేదు.

మునిరత్నం సారు ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశారు. ఉద్యోగం అయిపోయాక చంద్రగిరిలో భార్యతో ఉండేవారు. సంగీతం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నవారు కాదు. అయినా తిరుపతిలో సొంతంగా బాణీలు కట్టుకునే మేం పదిమందిమి, ఆయన చెప్పే ఒక్క మాట కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం. ఆ మాటకు భయపడేవాళ్ళం కూడా. గత రెండేళ్ళుగా ఆ భయం లేదు. మాలో చాలామంది ఆయన్ను చాటుగా 'బ్యాటరీ సారు' అనడం మొదలుపెట్టారు. ఆ పేరు ఎలా వచ్చిందో తమకు తెలుసునని అందరూ అనుకుంటారు. వాళ్ళకు తెలిసింది సగమే. మిగతా సగం ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు. ఇప్పుడు నాకు ఒక్కదానికే తెలుసు.

మేం కలుసుకునేది మా చెంగల్రాయులు మామ నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో. ఆదివారం మధ్యాహ్నం మిషన్లన్నీ ముసుగులు వేసుకుని ఉండేవి. మధ్య బల్ల మీద టేపు రికార్డరు, దాని పక్కన ఒక గుడ్డసంచి. తాము కట్టిన బాణీ ఉన్న క్యాసెట్టును పేరు రాయకుండా ఆ సంచిలో వేయాలి. మామ చేతికి వచ్చింది తీసి రెండుసార్లు వినిపిస్తాడు. తర్వాత వరసగా ఒక్కొక్కరు ఏం బాగుందో, ఏం బాగాలేదో చెప్పాలి. ఆ బాణీ కట్టినవాళ్ళు కూడా అది ఎవరిదో అన్నట్టు తమ వంతు చెప్పాలి. అందరూ చెప్పడం అయ్యాక మునిరత్నం సారు "ఎవరిదప్పా ఈ బండి?" అని అడిగేవారు. ఇష్టమున్నవాళ్ళు చెయ్యెత్తుతారు, లేనివాళ్ళు ఊరుకుంటారు. అంతకు ముందే నోరు జారి తన బాణీ గురించి వివరించబోతే ఆ క్యాసెట్టు పక్కకు పోయినట్టే. ఈ పద్ధతి పెట్టింది ఆయనే.

"డ్రైవరు వచ్చి, నేను ఇట్ల తోలాలనుకుంటి అని పాసింజర్లకు చెప్తాడా? తోలింది సూస్తారు, అంతే" అనేవారు.

ఎవరేం అన్నారో పుస్తకంలో రాయడం నా పని. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు, దస్తూరి బాగుంటుంది కనుక మామ ఆ పని నాకిచ్చాడు. నా వంతు వచ్చినప్పుడు "బాగుంది" అని తల దించుకునేదాన్ని. మొదటి నెలలోనే ఆయన పట్టుకున్నారు. "పాపా, బాగుండాది అంటే టికెట్టు తీసుకోకుండా దిగిపొయ్యేదే. ఏం బాగుండాదో చెప్పు." ఎలాగో ఒక ముక్క చెప్పాను. ఆయన దాన్ని నా చేతే పుస్తకంలో రాయించారు.

మెచ్చుకోవడం ఆయనకు అలవాటు లేదు. కిశోర్ అని ఒక కుర్రవాడు చెన్నై వెళ్ళి కీబోర్డు కొనుక్కొచ్చి, దాని మీద కట్టిన మొదటి బాణీ తెచ్చాడు. విని మునిరత్నం సారు అన్నారు: "పల్లవిలో బాగా ఎక్కించుకున్నావు నాయనా. చరణంలో నిద్రపోయినావు. మేము దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయినాది."

కిశోర్ ముఖం ఎర్రబడింది. "మీ కాలం వేరు సార్."

"కాలం వేరైతే చెవులు కూడా వేరేనా?"

ఆ రోజు నుంచి కిశోర్ ఆయనను చూసే చూపే మారింది. ఆయన తప్పు ఒక్కటి దొరికితే చాలునని కాచుకుని కూర్చున్నట్టు ఉండేవాడు.

కానీ ఆయన కాఠిన్యం పక్షపాతం ఎరగదు. ఒక వారం ఒక బాణీని అందరం మెచ్చుకున్నాం. ఆయన వంతు వచ్చింది. "మూడో వరస యాడో విన్నట్టుండాది. వీడు కష్టపడలా. సోమరి" అన్నారు. చెయ్యి ఎవరూ ఎత్తలేదు. చాలా రోజుల తర్వాత మామ నాతో చెప్పాడు, ఆ సోమరి ఆయనే.

మూడేళ్ళు అందరి మాటలూ రాసిన తర్వాత నేనూ ఒక బాణీ కట్టాను. మా అమ్మవాళ్ళ భజన హార్మోనియం మా ఇంట్లోనే ఉండేది. ఇంట్లో అందరూ బంగారుపాళ్యం పెళ్ళికి పోయిన రోజు తలుపులు వేసుకుని వాయించి రికార్డు చేశాను. అది చాలా వేగంగా నడిచే బాణీ. బడి వదలగానే ఆడపిల్లలు పరుగెత్తుతారే, అలా ఉండాలని నా కోరిక.

క్యాసెట్టు సంచిలో వేసిన ఆదివారం కరెంటు పోయింది. అప్పటికి మిగిలింది నాది ఒక్కటే. మామ ఎక్కడివో పాత బ్యాటరీలు నాలుగు వెతికి తెచ్చి రికార్డరులో వేశాడు. మొదటి స్వరానికే తెలిసిపోయింది. నా బాణీ నడవలేకపోతోంది. పరుగెత్తవలసిన పిల్లలు ఎండలో కాళ్ళీడ్చుకుంటూ పోతున్నట్టు ఉంది. కానీ ఆ గదిలో అందరూ దాన్ని వినడం అదే మొదటిసారి. దాని అసలు వేగం ఎంతో నాకు తప్ప ఎవరికీ తెలియదు. బ్యాటరీలు అయిపోయాయని నేను చెప్పానంటే, అది నాదని చెప్పినట్టే. నోరు తెరిచాను కూడా. మామ ఏమిటన్నట్టు చూశాడు. మూసుకున్నాను. రెండోసారి వినిపించినప్పుడు అది మరింత నెమ్మదించింది.

"ఏడుపు పాట మాదిరి ఉండాది" అన్నాడు కిశోర్. మిగిలినవాళ్ళు ఎటూ తేల్చలేదు. మునిరత్నం సారు మూసుకున్న కళ్ళు తెరిచారు.

"ఇది పాట" అన్నారు.

మూడేళ్ళ పుస్తకంలో ఆ రెండు మాటలు ఎక్కడా లేవు.

"దీనికి తొందర లేదు. యాడ నిలబడల్లో ఆడ నిలబడినాది. మీరంతా ఎందుకబ్బా అట్ల ఉరుకుతా ఉండారు? దీన్ని సూసి నేర్చుకోండి. ఎవరిదప్పా ఈ బండి?"

మూడుసార్లు అడిగారు. నేను తల ఎత్తకుండా రాస్తూనే ఉన్నాను. రాయడానికి ఏమీ లేకపోయినా రాశాను.

ఆ వారమంతా నాకు అదే ఆలోచన. నేను చేయని పనికి మెప్పు వచ్చింది. అంతటితో పోయినా బాగుండేది. బుధవారం మామ భోజనం చేస్తూ "మునిరత్నం మాట విని ఇద్దరు వాళ్ళ పాటలు నిదానం చేసుకుంటా ఉండారంట. మళ్ళా రికార్డు చేస్తారంట" అన్నాడు. శుక్రవారం క్యాసెట్టు తీసుకుని ఒంటరిగా చంద్రగిరి బస్సెక్కాను. ఎలా చెప్పాలో కాగితం మీద రాసుకుని పోయాను. ఆయన గుమ్మంలోకి రాగానే రాసుకున్నదంతా మరిచిపోయి "ఆ పాట నాది సార్" అన్నాను.

"నీదా! రాసుకుంటా కూర్చుంటివే దొంగదానా!" ఆయన అంత సంతోషపడటం నేను ఎప్పుడూ చూడలేదు. "ఇదో, ఎవరొచ్చినారో సూడు" అని భార్యను పిలిచారు.

"అది కాదు సార్. అది అట్ల ఉండదు" అన్నాను. క్యాసెట్టు ఇచ్చాను. ఆయన ఇంట్లో కరెంటు ఉంది. బాణీ మొదలై, నేను వాయించినంత వేగంగా పరుగెత్తింది. ఆయన ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోవడం చూస్తూ నిలబడ్డాను.

"బ్యాటరీలా?"

"అవును సార్."

భార్య టీ ఇచ్చి లోపలికి వెళ్ళాక ఆయన గ్లాసును పక్కన పెట్టారు. క్యాసెట్టు ఆపి అన్నారు: "ఇది బాగాలే పాపా. ఉరుకుతాది. ఎందుకు ఉరుకుతాదో దానికే తెలీదు. ఆదివారం విన్నది బాగుండాది. కానీ అది నువ్వు చేసింది కాదు, ఎవురూ చేసింది కాదు."

"నేను ఎవరికీ చెప్పను సార్. ఎవరికీ తెలీదు."

"నువ్వు చెప్పవు. కానీ నాకు తెలుసు గదా. ఇద్దరు నా మాట నమ్మి పాటలు చెడగొట్టుకుంటా ఉండారు. తప్పు రూటు చెప్పినాక బండి నిలిపి చెప్పల్ల."

"కిశోర్ నవ్వుతాడు సార్."

"నవ్వనీ. నీ పేరు నా నోట్లో నుంచి రాదు. నీకు చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకో, లేకుంటే లేదు. టీ తాగు, ఆరిపోతాది."

ఆదివారం ఆయన సంచి తెరవనివ్వలేదు. లేచి నిలబడి చెప్పారు. "పోయిన వారం కడాకు, కరెంటు పోయినాక విన్న పాట అసలు వేగం అది కాదు. బ్యాటరీలు అయిపోయినాయి. నా చెవికి తెలీలా. నా మాట విని ఎవరూ ఏం మార్చుకోబాకండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కిశోర్ అడిగాడు: "అంటే మూడేళ్ళకు మీరు మెచ్చుకున్నది పాత బ్యాటరీలనా సార్?"

"అవును నాయనా."

"అయితే మాకందరికీ తలా నాలుగు కొనిపెట్టండి సార్!"

గది ఘొల్లుమంది. మా మామ కూడా నవ్వాడు. వెనక నుంచి ఎవరో "ఎవరో పట్టేసినారప్పా. ఇంక దాచలేక చెప్తా ఉండాడు" అన్నారు. "ఎవరు పట్టినారు మునిరత్నం?" అని మామ అడిగాడు. అప్పుడు ఆయన చూపు ఒక్కసారి నా మీద పడి ఉంటే చాలు, అందరికీ తెలిసిపోయేది. ఆయన గోడ వైపు చూస్తూ "ఎవరైతే ఏమప్పా. చెవి నాది, తప్పు నాది. రాసుకో పాపా" అన్నారు. నేను రాశాను.

ఆ తర్వాత రెండేళ్ళు ఆయన నోరు తెరవగానే ఎవరో ఒకరు "బ్యాటరీలు చూసినారా సార్?" అనేవారు. ఆయన మాట విని బాణీ మార్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన మాత్రం ఒక్క ఆదివారం కూడా మానలేదు. నవ్వు ఆగేదాకా ఉండి, తనకు వినిపించింది చెప్పి కూర్చునేవారు. ఒకసారి మెట్ల మీద ఆపి "ఈ రోజు చెప్పేస్తాను సార్" అన్నాను. "నా కోసం చెప్పబాక. నాకేం తగ్గిపోలా" అన్నారు. ఆ మాటను సాకుగా చేసుకుని నేను ఊరుకున్నాను. పిరికివాళ్ళకు సాకు దొరకడం ఎంతసేపు.

కనుక ఇది చదివే మనవాళ్ళందరికీ చెబుతున్నాను. మునిరత్నం సారును ఎవరూ పట్టుకోలేదు. నేను దాస్తానని మాటిచ్చాను. ఆయన ఊరుకుని ఉంటే చివరిదాకా ఆ గదిలో ఆయన మాటకు తిరుగుండేది కాదు. ఇద్దరి బాణీలు చెడకూడదని, ఒక పిరికిపిల్ల పేరు బయటికి రాకూడదని, ఆయన తన పరువు తానే తీసి మన ముందు పెట్టారు. మనం నవ్వాం. ఆ బాణీ నాది.

ఆయన పోయాక మొదటి ఆదివారం మేం కలిశాం. కిశోర్ బాణీ వచ్చింది. విన్నాం. వరసగా అందరూ బాగుందన్నారు. నేనూ అదే అన్నాను. చివరికి అతనే చెయ్యెత్తి, నేల చూపులు చూస్తూ అడిగాడు: "అంతేనా? ఇంకెవరూ ఏం చెప్పరా?"

నేను పుస్తకంలో అందరి పేర్లకు ఎదురుగా 'బాగుంది' అని రాశాను.

సార్, నా పేరు చెప్పుకోవడానికి మీరు నాకు రెండేళ్ళు గడువిచ్చారు. మీరు వినలేని రోజున చెబుతున్నాను. ఆలస్యం చేశావని నన్ను కోప్పడగలిగిన ఒక్క మనిషికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.