వెనక్కి వాలిన కేకు

మెర్వ్ ఇంటి పనికి పూనుకుంటే చాలు, నోయెలీన్ బీరువాలోని గాజు సామానంతా తీసి మంచం కింద దాచుకునేది. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురం నేర్పిన జాగ్రత్త అది. సౌత్‌లాండ్ ప్రాంతంలో ప్రతి మగాడికీ పెరట్లో ఓ రేకుల షెడ్డు, అందులో ఓ బల్ల, దాని నిండా పనిముట్లు ఉంటాయి. మెర్వ్‌కూ ఉన్నాయి. లేనిదల్లా పనితనం.

అతను రంగు వేసిన కిటికీలు ఆ రంగుతోనే అతుక్కుపోయి ఆరేళ్ళుగా తెరుచుకోలేదు. స్నానాల గదిలో బిగించిన చెక్క మీద సబ్బు నిలవదు. "జారి కిందపడితే తీసుకోవడం తేలికే కదా" అన్నాడు. వడ్రంగిని పిలుద్దామంటే మాత్రం నడివీధిలో పంట్లాం విప్పమన్నట్టు చూసేవాడు.

రెండేళ్ళ కిందట వంటింటి నేల బాగుచేసే పని మీద పడ్డాడు. పాత నేల మీదే మందపాటి, మెత్తని కార్క్ పలకలు అతికించుకుంటూ, ఓవెన్‌తో కలిసి నేల మీదే నిలబడే స్టవ్ దాకా వచ్చాడు. దాన్ని బయటికి లాగాలంటే బద్ధకం. ముందు కాళ్ళు రెండూ గడ్డపారతో పైకెత్తి, చెయ్యి అందినంత మేర పలకలు తోసి దింపేశాడు. వెనక కాళ్ళు పాత నేల మీదే ఉండిపోయాయి.

"వెనకాల ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఓవెన్ చూసింది. ఆ రోజు నుంచి నోయెలీన్ స్పాంజ్ కేకు వెనక పక్క బలిసి, ముందు పక్క చిక్కి బయటికి వచ్చేది. ఆ ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా ఆడవాళ్ళు పళ్ళెం పట్టుకుని వెళ్ళాలి. నోయెలీన్ పళ్ళెం అంటే స్పాంజే. ఏటా జరిగే పశువుల ప్రదర్శనలో వంటల పోటీ కూడా ఉంటుంది; అందులో పందొమ్మిదిసార్లు ఆమె కేకుకు బహుమతి చీటీ దక్కింది. నేల మారాక వరసగా రెండేళ్ళు దక్కలేదు.

ఈ ఏడు పేరు రాయించుకోవడానికి వెళ్తే, పోటీ పేర్లు రాసుకునే ఎల్స్‌పెత్ కలం మూత పెట్టేసింది.

"కోప్పడకు నోయెలీన్. ఈసారి పచ్చళ్ళలో రాయనా? నీ బీట్‌రూట్ పచ్చడి బావుంటుంది."

"స్పాంజ్‌లోనే రాయి."

"రాస్తాలే. కానీ ఈసారీ చీటీ రాకపోతే వచ్చే ఏడు నేను అడగను, పచ్చళ్ళలోకే మార్చేస్తా. ఒప్పుకున్నట్టేనా?"

పచ్చళ్ళ బల్ల పోటీ గుడారం చివర, గొర్రెల దొడ్డి పక్కన ఉంటుంది. అయినా నోయెలీన్ సరేనంది.

ప్రదర్శన రోజు పొద్దున ఏడింటికే బాతుగుడ్లు గిలక్కొట్టడం మొదలుపెట్టింది. పదింటికల్లా కేకు అప్పగించాలి. మెర్వ్ టీ కప్పుతో వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"మాంసం వేయిస్తే కొవ్వంతా వెనక్కే చేరుతోంది మెర్వ్. కొవ్వుక్కూడా నీ మీద పగేనా?"

"ఇల్లు కుంగింది. అందరి ఇళ్ళూ కుంగుతాయి."

"ఇల్లు కుంగితే మంచం మీంచి నువ్వు దొర్లిపడాలిగా? ఒక్క రోజూ ఆ అదృష్టం కలగలేదే!"

మెర్వ్ ముఖం ఎర్రబడింది. షెడ్డుకు పోయాడు. నోయెలీన్ పిండి పోసిన రెండు పళ్ళేలు ఓవెన్‌లో పెట్టి, జామ్ సీసా మూతతో కుస్తీ పడుతోంది. అతను వాలు చూసే రసమట్టం పట్టుకుని వచ్చి, "ఇప్పుడే తేల్చేస్తా" అంటూ ఓవెన్ తలుపు తీసేశాడు. స్పాంజ్ పొంగుతుండగా ఆ తలుపు ముట్టుకోకూడదని ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు.

పళ్ళేల పక్కన రసమట్టం పెట్టాడు. బుడగ ఆలోచించకుండా ముందు కొసకు పరిగెత్తింది. కేకులు రెండూ నడిమధ్యన సొట్టబోయి కూలిపోయాయి.

మెర్వ్ బుడగను చాలాసేపు చూశాడు.

"ఈ రసమట్టం పాడైనట్టుంది" అన్నాడు.

నోయెలీన్ అరవలేదు. అరిస్తే అతనికి అలిగే సాకు దొరుకుతుంది. స్టవ్ ఆపేసింది.

"గడ్డపార పట్రా."

"ఎందుకు?"

"పట్రా."

తెచ్చాడు. స్టవ్ కింద దాన్ని దూర్చి, "ఆ కొస మీద నిలబడు. నీ బరువుకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది" అంది. నిలబడ్డాడు. స్టవ్ ముందు కాళ్ళు లేచాయి. నోయెలీన్ మోకాళ్ళ మీద కూర్చుని, కత్తి దూర్చి, పలకలు ఒక్కొక్కటీ పెకలించి వెనక్కి విసిరింది.

"నెమ్మదే, చిరిగిపోతాయి! చక్కగా అతికించా."

"అతికింపులో లోపం లేదు మెర్వ్. బుర్రలోనే ఉంది. కదలకు!"

పావుగంటలో స్టవ్ నాలుగు కాళ్ళూ పాత నేలను తాకాయి. నోయెలీన్ మళ్ళీ గుడ్లు కొట్టింది. ఈసారి ఓవెన్‌కు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కేకులు బయటికి వచ్చాక వంగి చూసింది. అంచులన్నీ ఒకే ఎత్తు. జామ్ పూసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. పది కావడానికి నాలుగు నిమిషాలుండగా అప్పగించింది.

మధ్యాహ్నం గుడారం తెరిచారు. ఆమె కేకు ముందు రెండో బహుమతి చీటీ ఉంది. కింద న్యాయనిర్ణేత చేతిరాత: "చక్కగా, సమంగా పొంగింది." నోయెలీన్ ఆ మాటలు రెండుసార్లు చదువుకుంది.

ఎల్స్‌పెత్ దగ్గరికి వచ్చి, "పచ్చళ్ళ మాట నేనన్నట్టే నాకు గుర్తులేదు" అంది.

మెర్వ్ మాత్రం బల్ల ముందు గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, అంచు వెంబడి చూస్తున్నాడు. చుట్టూ జనం పోగయ్యారు.

"రెండోదెలా వస్తుంది? ఈ బల్లే వాలుగా ఉంది. పెట్టినవాడికి పని రాదు. కాలు కింద ఓ చెక్క దూర్చానంటే..."

"ఆయన మీవారేనా?" అని ఎవరో నోయెలీన్‌ను అడిగారు.

"ఎవరో మరి" అని నోయెలీన్, ఎల్స్‌పెత్ చెయ్యి పట్టుకుని టీ తాగడానికి వెళ్ళిపోయింది.