పెద్దనాయన వద్దన్న పొగ

మొర వినగానే పరుగున వచ్చే శ్రీమన్నారాయణుడికి మొదటి నమస్కారం. ఆయన ఆ గుణాన్ని చిన్ననాటి నుంచి శనివారం శనివారం మా ఊరు కెలమంగలం భజనలో గొంతెత్తి పాడినవాణ్ని నేను.

నిన్న హోసూరు మీదుగా ఒక పాత యుద్ధవిమానం మూడు రంగుల పొగ వదులుతూ పోయింది. మా మనవరాలు మిద్దెక్కి ఫోనులో తీసుకొచ్చి చూపిస్తే ముఖం తిప్పుకున్నాను. మన వయసువాళ్లతో చెప్పుకుంటే తప్ప ఈ బరువు దిగదు.

పడుచుదనంలో నేను హోసూరు దగ్గర ఒక విమానాల షెడ్డులో పనిచేసేవాణ్ని. యుద్ధంలో ఎగిరినవాళ్లకు గౌరవంగా ఒక ఏడాది ఆ కాలపు విమానాన్ని పొగతో ఎగరేయాలనుకున్నారు. వేడెక్కిన పొగగొట్టంలోకి సన్నగా నూనె చిమ్మితే తెల్లటి పొగ వస్తుంది. ఆ నూనె డబ్బా నింపడం నా పని. మా పెద్దనాయన బర్మా యుద్ధంలో విమానం వెనక సీటులో కూర్చుని తుపాకి పేల్చినవాడు, ఊళ్లో పట్టుపురుగులు మేపుకుంటూ ఆ సంగతి ఎన్నడూ ఎత్తని మనిషి. ఆయనను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పించాలని, అందరూ మా ఇంటిపేరు చెప్పుకోవాలని నా ఆశ.

ఆ పొద్దున డబ్బా నింపుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని ఉత్తగా ఎగరనీప్పా. పొగ మాత్రం వద్దు."

"ఉత్త ఆయిలే పెద్దనాయనా. పోయినోళ్లకు సాంబ్రాణి ఏసినట్లనుకో," అన్నాను. ఆయన చెయ్యి వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారని, "యుద్ధం చేసినోడివి, పొగకు బయపడతావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన చెయ్యి తీసేశాడు. నేను డబ్బా అంచుదాకా నింపాను.

విమానం నెత్తి మీదికి వచ్చి పొగ వదలగానే జనం చప్పట్లు కొట్టారు. పెద్దనాయన లేచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికాడు.

"ఇద్దరుండాలప్పా దాంట్లో. ఒకడూ దూకలేదే. పారాచూటు యాడా కనపళ్లేదే."

విమానం చక్కగా దిగినా నన్ను అడుగుతూనే ఉన్నాడు. ఆయన పంచ తడిసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సన్మానానికి తెచ్చిన శాలువాను నేనే ఆయన నడుముకు చుట్టి బయటికి నడిపించాను. తన పక్కన ఎగిరిన ఇద్దరు జతగాళ్ల విమానం అట్లాగే పొగ కక్కుతూ అడవిలో పడిందని, పైనుంచి అది చూస్తూ తాను తిరిగొచ్చాడని ఇంటికి పోయే దారిలో చెప్పాడు.

ఆ తర్వాత ఇంట్లో సాంబ్రాణి వేస్తే చాలు, ఆయన లేచి వీధిలోకి పోయేవాడు. పూజ ఎట్లా ఆపుతానని నేను వేస్తూనే ఉన్నాను. ఆయన పోయిన దినం తల దగ్గర సాంబ్రాణి వేసింది కూడా నేనే, లేచి పోలేని మనిషికి.

అప్పటి పొగకు రంగు లేదు, అదేమిటో తెలిసినవాడు ఒక్కడైనా కింద ఉన్నాడు. ఇప్పుడు మూడు రంగులున్నాయి, ఆ ఒక్కడు లేడు. నా పూజగదిలో ఇప్పుడు దీపమొక్కటే వెలుగుతుంది. చదివే మీరూ ఈ పూటకు సాంబ్రాణి మాని నాతో చేతులు జోడించండి: స్వామీ, ఆ ఇద్దరినీ మెల్లగా దించుకో, మా పెద్దనాయన కంటికి చూపించు. నేను వినని మొర నువ్వు విను.